వినే చెవులు ముందుండాలి

(నంద్యాలలో తల్లిదండ్రులు, మహల్లా పెద్దలతో జరిగిన సమావేశంలో కవితా బైఠక్ కార్యకర్తల తరఫున చదివిన ప్రసంగ పాఠం)

 

మీరు రెండు ప్రశ్నలు మనసులో పెట్టుకుని వచ్చారని మాకు తెలుసు. ఆదివారం పూట పిల్లల్ని పోగుచేసి కవిత్వం చెప్పించడం వల్ల ఒరిగేదేమిటన్నది మొదటిది. ఆడపిల్లల్ని ఎందుకు పిలుస్తున్నారన్నది రెండవది. మొదటి ప్రశ్నను చాలామంది మా ముఖం మీదనే అడిగారు. రెండవది మా వీపు వెనుక వినిపించింది. రెండింటికీ ఎదుట నిలబడి జవాబు చెప్పుకోవడం మా బాధ్యత.

జవాబుకు ముందు ఒక సంగతి గుర్తు చేయక తప్పదు. 2020 నవంబరులో ఈ పట్టణంలో ఏమి జరిగిందో ఇక్కడున్న వారెవరూ మరచిపోయి ఉండరు. మన మధ్య ఆటో నడుపుకుని బతికిన ఒక మనిషి, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. చేయని దొంగతనాన్ని తమ మీద మోపి పోలీసులు వేధిస్తున్నారని వారు సెల్‌ఫోను ముందు కూర్చుని చెప్పుకున్నారు. వారు పోయిన తర్వాత ఆ వీడియో బయటికి వచ్చింది. అప్పుడు రాష్ట్రమంతా విన్నది. అధికారులు విన్నారు, నాయకులు విన్నారు, పత్రికలు రాశాయి. మనమూ విన్నాము.

ఆ కుటుంబం పేరు ఈ వేదిక మీద ఎత్తి బంధువుల గాయాన్ని మళ్లీ రేపడం మా ఉద్దేశం కాదు. నేరమెవరిదో తేల్చవలసింది న్యాయస్థానం. మమ్మల్ని నిద్రపోనివ్వనిది వేరొకటి. వారు తమ గోడును ఫోనుకు చెప్పుకున్నారు. చుట్టూ ఇన్ని ఇళ్లున్నాయి, ఇన్ని మసీదులున్నాయి, ఇన్ని సంఘాలున్నాయి. మనలో ఒక్కరి చెవి కన్నా ఆ ఫోనే నమ్మదగినదిగా వారికి తోచింది. కవితా బైఠక్ ఉండి ఉంటే ఆ నలుగురూ బతికేవారని మేము అనబోము. అది అబద్ధమే గాక అహంకారం కూడా. కాని, మనిషి తన మాటను బతికుండగా నలుగురి ముందు చెప్పుకునే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన మాలో నాటుకున్నది ఆ రోజులలోనే. బైఠక్ ఆ తర్వాత చాలాకాలానికి మొదలైంది. విత్తనం మాత్రం అప్పటిదే.

ఇప్పుడు బైఠక్‌లో ఏమి జరుగుతుందో చెబుతాము. వినని వారు ఏవేవో ఊహించుకుంటున్నారు గనుక కొంత వివరంగానే చెప్పాలి.

నెలకు రెండు ఆదివారాలు కూర్చుంటాము. ఒకటి నంద్యాలలో, ఒకటి ఆళ్లగడ్డలో. అసర్ నమాజు తర్వాత మొదలై మగ్రిబ్ అజాన్‌కు ముగుస్తుంది. మైకు లేదు, వేదిక లేదు, బ్యానరు లేదు. నంద్యాలలో ఒక ట్యూషన్ సెంటరు మిద్దె మీద చాపలు పరుచుకుంటాము. ఆళ్లగడ్డలో ఒక దర్జీ సోదరుడు తన దుకాణం వెనుక గదిని ఖాళీ చేసి ఇస్తున్నాడు. గుడ్డ పీలికలు ఊడ్చి కూర్చోవడమే మా సభా ప్రారంభం. రోడ్డు పక్క శిల్పశాలలలో ఆ పూట కూడా యంత్రాలు ఆగవు. విగ్రహాలు చెక్కే ఆ ఊరిలో రాయి కోసే మోత మీద గొంతు నిలపడం నేర్చుకున్న పిల్లకు ఏ మైకూ అక్కరలేదని మేము నవ్వుకుంటూ ఉంటాము.

ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. తాను రాసినది గాని, రాయకుండా నోటితో కట్టుకున్నది గాని చెప్పాలి. ఇతరుల కవిత్వం చదవకూడదు. చెప్పిన తర్వాత ఎవరూ తప్పులు దిద్దరు. వినినవారిలో ఇద్దరు, తమకు ఏ మాట గుర్తుండిపోయిందో ఒక్క వాక్యంలో చెబుతారు. అంతే. ముషాయిరా మనకు కొత్త కాదు గనుక ‘వాహ్ వాహ్’లు, ‘ముకర్రర్’లు వాటంతట అవే వస్తాయి. వాటిని మేము ఆపలేదు. మార్కులు మాత్రం లేవు. అమెరికాలోని చికాగో నగరంలో 1980లలో మార్క్ స్మిత్ అనే భవన నిర్మాణ కార్మికుడు మొదలుపెట్టిన ఇటువంటి కూడికలలో, వినవచ్చిన వారిలోంచే న్యాయనిర్ణేతలను ఎంచి కవితకు మార్కులు వేయిస్తారు. అది దేశదేశాలకు పాకింది. ఆ పద్ధతిని మేమూ రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నాము. మన పిల్లలకు మార్కులు వేసేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

వచ్చేది ఎవరు? ఇంటర్మీడియట్, డిగ్రీ చదివే పిల్లలు కొందరు. చదువు మానేసి మెకానిక్ షెడ్డులో, పండ్ల బండి మీద, బట్టల దుకాణంలో పనిచేసే వాళ్లు అంతకన్న ఎక్కువ. మేము ఏడుగురం నిర్వాహకులం. ఒకరు విశ్రాంత తెలుగు పండితులు, ఒకరు అంగన్‌వాడీ కార్యకర్త, ఒకరు మందుల దుకాణం నడుపుతారు, తక్కినవారు పాఠాలు చెప్పుకునేవాళ్లం. ఎవరికీ జీతం లేదు, ఎవరి దగ్గరా చందా పుస్తకం లేదు. టీ ఖర్చు తలా ఒక నెల భరిస్తాము. ఏ పార్టీవాళ్లు దీని వెనుక ఉన్నారని ఒక పెద్దమనిషి అడిగారు. ఆ టీ తాగి చూస్తే ఏ పార్టీ డబ్బూ లేదని ఆయనకే తెలుస్తుంది.

ఒక పిల్లవాడి సంగతి చెబుతాము. అతని అనుమతితోనే చెబుతున్నాము. పరుపులు కుట్టే ఇంటి బిడ్డ. దూదేకులవాళ్లు. మొదటి మూడు నెలలు మూలన కూర్చుని విన్నాడు, నోరు విప్పలేదు. నాలుగో నెలలో లేచి నిలబడి ఇలా మొదలుపెట్టాడు:

‘మా తాత విల్లు మీటితే దూది ఎగిరేది.
నేను పేరు చెబితే నవ్వు ఎగిరింది.’

ఆ నవ్వు ఎక్కడ ఎగిరిందో అతడు ఆ తర్వాత చెప్పాడు. పరాయివాళ్ల దగ్గర కాదు, మన దగ్గరే. ‘ఉర్దూ రాదు, వీడేం సాయిబురా’ అని తోటి ముస్లిం పిల్లలు నవ్వారు. ఇంకోచోట, పేరు విని అద్దెకు గది లేదన్నారు. అతనికి ఒక తలుపు ముస్లిం అయినందుకు మూసుకుంది, ఇంకో తలుపు చాలినంత ముస్లిం కానందుకు మూసుకుంది. ఈ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి ఆ పిల్లవాడు మూడు నిమిషాలలో చెప్పిన మాటను మేము ఇన్నేళ్ల సభలలో వినలేదు. మైనారిటీ హక్కుల గురించి మాట్లాడే మనమందరం మొదటి తలుపు గురించి మాట్లాడతాము. రెండవ తలుపు గొళ్లెం మన చేతిలోనే ఉంది.

ప్రభుత్వ జాబితాలో దూదేకులవారు బీసీ-బి. 2007 నుంచి మనలోని ఇతర వెనుకబడిన వర్గాలు బీసీ-ఇ. కాగితం మీద గీసిన ఆ గీత చదువుకు, ఉద్యోగానికి పనికివచ్చే గీత. దానిని పిల్లల ఆటలలోకి, పెళ్లి సంబంధాలలోకి దింపుకున్నది మనమే.

తెలుగు మాట్లాడే ముస్లిము తక్కువ ముస్లిము అనుకునేవారు ఈ నేల చరిత్ర ఒకసారి చూడాలి. మన జిల్లాలోని బనగానపల్లె పోతులూరి వీరబ్రహ్మంగారు పశువులు కాసిన ఊరని, అక్కడి రవ్వలకొండలో కూర్చుని కాలజ్ఞానం రాశారని తెలుగువారందరికీ తెలుసు. ఆయన శిష్యులలో అందరికన్న జనం నోట నిలిచినవాడు కడప జిల్లా ముడుమాలకు చెందిన సిద్ధయ్య. దూదేకుల బిడ్డ. మూడు వందల ఏళ్ల కిందటి మనిషి. సిద్ధయ్య పేరిట ఉన్న తత్వాలు ఏ అచ్చు పుస్తకం వల్లా బతకలేదు. తంబురా పట్టిన బైరాగులు, పొలానికి పోయే కూలీలు, రాత్రి భజనలు చేసేవాళ్లు నోటితో మోసుకొచ్చారు. ఆయన విశ్వాసమార్గం మన మార్గమా కాదా అన్నది వేరే చర్చ. ఈ సీమలో నోటి కవిత్వం ఎవరి సొత్తు అని అడిగితే మాత్రం అందులో దూదేకుల ఇంటికి పెద్ద వాటా ఉందని ఆ తత్వాలే సాక్ష్యం చెబుతాయి.

దగ్గరి కాలానికి వస్తే షేక్ నాజర్ గారున్నారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన దూదేకుల బిడ్డ. ఆయన గొంతు విన్న పల్లెలు బుర్రకథ అంటే నాజర్ అనే అనుకున్నాయి. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితకథ పుస్తకంగా వచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు ‘పింజారి’. ఆ మాటను జనం తిట్టుగా వాడతారని ఆయనకు తెలియక కాదు. తెలిసే పెట్టారు. మా పరుపుల పిల్లవాడికి ఈ సంగతి చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, ‘అయితే నేనూ నా పేరు ముందే చెప్తా సార్’ అన్నాడు. ఇప్పుడు ప్రతి కవితకు ముందు తన ఇంటిపేరు, తాత పేరు, తాత చేసిన పని చెప్పి మొదలుపెడుతున్నాడు.

భాష విషయంలో ఇంకొక మాట. 2022లో మన శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేసింది. సంతోషించాము. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పేరున ఉర్దూ విశ్వవిద్యాలయం నడుస్తున్నది. 1947లో ఆ పెద్దాయనే అక్కడ ఉస్మానియా కళాశాలను నిలబెట్టారు. ఉర్దూ మీద మాకు ప్రేమే తప్ప తగవు లేదు. కాని మన పిల్లల నోటిలో నిజంగా ఉన్నదేమిటి? ఇంట్లో దక్కనీ, వీధిలో సీమ తెలుగు, మదరసాలో అరబ్బీ, దరఖాస్తు ఫారంలో ఇంగ్లీషు. నాలుగు భాషల మధ్య నలిగి, ఏ భాషలోనూ గట్టిగా ఒక మాట అనలేని స్థితికి వాళ్లు వచ్చారు. దక్కనీలో ‘నక్కో’ అంటే ఉర్దూ పండితుడు ముఖం చిట్లిస్తాడు. తెలుగులో ‘పోతాండా’ అంటే తెలుగు మాస్టారు దిద్దుతాడు. బైఠక్‌లో రెండూ చెల్లుతాయి. ఒకే కవితలో రెండూ వచ్చినా చెల్లుతాయి. ఒక అమ్మాయి తన నానీ గురించి చెప్పిన కవితలో నానీ మాటలన్నీ దక్కనీలోనే ఉన్నాయి, అమ్మాయి మాటలన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఆ రెండు గొంతులు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటుంటే, దక్కనీ తెలియని మా పొరుగు మిత్రుడు కూడా కళ్లు తుడుచుకున్నాడు.

తెలుగులో ముస్లింల గొంతు మా పిల్లలతో మొదలు కాలేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ రాశారు. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ వచ్చింది. 2002 గుజరాత్ మారణకాండ తర్వాత ‘అజా’ వచ్చింది. షాజహానా ‘నఖాబ్’ వచ్చింది. మన గురించి ఇతరులు చెప్పేదే వినే రోజులు పోయి, మన ఇంటి సంగతి మనమే చెప్పుకునే రోజులు తెచ్చినవి ఆ పుస్తకాలు. విచారమేమిటంటే, మా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఒక్కరూ ఆ పేర్లు విని ఉండలేదు. పాఠ్యపుస్తకంలో లేవు, ఇంట్లో లేవు, మసీదు పక్క పుస్తకాల దుకాణంలో అసలే లేవు. మా పండితులవారు తమ సొంత ప్రతులను సంచిలో వేసుకొచ్చి చేతికిస్తున్నారు. రెండు ప్రతులు తిరిగి రాలేదు. ఆయన అందుకు సంతోషిస్తున్నారు.

ఇక ధార్మికమైన అభ్యంతరం. ఇస్లాం కవులను మెచ్చదని, ఖురాన్‌లో కవుల మీద ఆక్షేపణ ఉందని ఒక పెద్దలు మాతో అన్నారు. ఉన్నమాటే. అష్‌షుఅరా అన్న 26వ సూరా చివరి ఆయతులలో, లోయలలో దారితప్పి తిరుగుతూ తాము చేయనిది చెప్పే కవుల ప్రస్తావన ఉంది. కాని ఆ సూరా అక్కడ ఆగలేదు. వెంటనే ఒక మినహాయింపు ఉంది. విశ్వసించి, సత్కార్యాలు చేసి, అల్లాహ్‌ను అధికంగా స్మరించి, తమకు అన్యాయం జరిగిన తర్వాత తమను కాపాడుకునే వారికి ఆ ఆక్షేపణ వర్తించదని 227వ ఆయతు భావం. అన్యాయానికి గురైనవాడి మాటకు చోటు అక్కడే ఉంది. దైవప్రవక్త (స) హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కోసం మసీదులో మింబరు వేయించిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. ఆ తర్వాతి కాలంలో మసీదులో ఆయన కవిత్వం చదువుతుండగా హజ్రత్ ఉమర్ (రజి) అసమ్మతిగా చూశారనీ, మీకన్న ఉత్తములు ఇక్కడ ఉన్నప్పుడే నేను చదివానని హస్సాన్ బదులిచ్చారనీ కూడా ఉంది. అన్నల కోసం ఎలిజీలు చెప్పిన ఖన్సా అనే మహిళ కవిత్వాన్ని ప్రవక్త (స) ఇష్టపడి విన్నారని చరిత్రకారులు రాశారు. మేము ఆలిములం కాము. ఇందులో మా అవగాహన తప్పయితే దిద్దండి. మా బైఠక్‌లో మద్యం పాటలు లేవు, బూతు లేదు, ఎవరి మతాన్నీ ఎగతాళి చేయడం లేదు. అజాన్ వినిపించగానే చాప ఎత్తేస్తాము.

దీనికన్న బరువైన అభ్యంతరం భయం. ‘కవిత చదివినాడని కేసు పెడితే ఎవరు విడిపిస్తారు?’ అని ఒక తండ్రి అడిగాడు. ఆయన భయం ఊహ కాదు. అస్సాంలో బ్రహ్మపుత్ర చరలలో బతికే బెంగాలీ మూలాల ముస్లింలను ‘మియా’ అని తిట్టుగా పిలుస్తారు. 2016లో హఫీజ్ అహ్మద్ ఆ తిట్టునే తన పేరుగా చేసుకుని ఒక కవిత రాశారు. యువకులు ఎందరో ఆ దారి పట్టారు. 2019 జులైలో పదిమంది మీద పోలీసు కేసు పెట్టారు. తిట్టును పేరుగా చేసుకోవడం నేరమైతే మన నాజర్ గారి ‘పింజారి’ ఏమవుతుంది?

అదే తండ్రికి ఇంకో సంగతి కూడా చెప్పాము. 2025 జనవరిలో గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో రాజ్యసభ సభ్యుడు, కవి ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద ఒక కవిత కారణంగా కేసు పెట్టారు. హైకోర్టు కొట్టివేయడానికి ఒప్పుకోలేదు. మార్చి 28న సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసింది. మాట వల్ల కలిగే ఫలితాన్ని ధైర్యవంతులు, వివేకవంతులు అయినవారి దృష్టితో తూచాలి గాని, ప్రతి విమర్శలోనూ ప్రమాదం చూసే బలహీనుల దృష్టితో కాదని ఆ తీర్పు భావం. ఇటువంటి ఫిర్యాదు వచ్చినప్పుడు కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ జరిపే వీలును పోలీసులు ఉపయోగించుకోవాలని కూడా చెప్పింది. రాజ్యసభ సభ్యుడికి సుప్రీంకోర్టు దాకా పోయే శక్తి ఉంది, మెకానిక్ షెడ్డు కుర్రాడికి లేదు. అది మాకు తెలుసు. అందుకే ఇద్దరు న్యాయవాదులను ముందుగానే అడిగి ఉంచాము, ఆ తీర్పు సారాన్ని తెలుగులో రాసి పిల్లలకు ఇచ్చాము. చట్టం పేరు వినగానే వణికే పిల్లవాడి చేతిలో తన హక్కు ఏ కాగితంలో ఉందో రాసిన పుట ఉండడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు మీ రెండవ ప్రశ్న. ఇక్కడ మేము గట్టిగా మాట్లాడలేము, ఎందుకంటే ఇక్కడ తప్పు మాది.

ఆళ్లగడ్డ బైఠక్‌కు ఆరుగురు ఆడపిల్లలు వచ్చేవారు. తల్లులో, అన్నలో వెంట వచ్చేవారు. వేరే వరుసలో కూర్చునేవారు. వారిలో ఒక డిగ్రీ విద్యార్థిని తన అక్క పెళ్లి గురించి కవిత చెప్పింది. జహేజ్ కోసం అబ్బా తన బతుకుతెరువు అమ్ముకున్న సంగతి, వలీమా విందులో బిర్యానీ బాగుందని అందరూ మెచ్చుకున్న సంగతి. అందులో ఎవరినీ నిందించలేదు. కేవలం వంటల లెక్క చెప్పింది, అప్పుల లెక్క చెప్పింది, రెండూ ఒకే గొంతుతో. ఆ రోజు అక్కడున్న మగవాళ్లందరం తల వంచుకున్నాము.

మాలో ఒకరు ఆనందం పట్టలేక ఫోనులో రికార్డు చేశారు. మాలో మాకు పంచుకున్నాము. అక్కడినుంచి అది ఎలా దాటిందో ఇప్పటికీ తెలియదు. వారంలో వాట్సాప్ గ్రూపులలో తిరిగింది. మన పరువు తీస్తున్న పిల్ల అని ఒకరు రాశారు. ‘చూడండి వీళ్ల సంగతి’ అని మనల్ని గిట్టనివారు ఇంకోవిధంగా రాసుకున్నారు. రెండు పక్కల నుంచీ రాయి పడింది ఒక్క పిల్ల మీద. ఇంట్లో వాళ్లు ఆమెను బైఠక్ మాన్పించారు. కొన్నాళ్లు కళాశాలకూ పంపలేదు. మిగతా అయిదుగురూ ఆగిపోయారు.

మేము ఆ ఇంటికి పోయి క్షమాపణ అడిగాము. ఆ తండ్రి మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ‘మీకు కవిత్వం కావాల, నాకు బిడ్డ కావాల’ అన్నాడు. ఆమె తల్లి మాత్రం గడప దాకా వచ్చి, ‘అది చెప్పిందాంట్లో అబద్ధం ఏముందన్నా?’ అని మెల్లగా అడిగింది.

అప్పటి నుంచి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాము. బైఠక్ గదిలోకి ఎవరి ఫోనూ రాదు. మా ఫోనులు కూడా గుమ్మం దగ్గర బుట్టలో పడతాయి. ఎవరి కవితనైనా బయటికి ఇవ్వాలంటే వారి సంతకం కావాలి, పద్దెనిమిదేళ్లు నిండకుంటే ఇంటివారి సంతకం కూడా. ఆడపిల్లల బైఠక్‌ను నడిపే పని అంగన్‌వాడీ సోదరికి, మరో ఇద్దరు తల్లులకు అప్పగించాము. ఇవన్నీ మొదటిరోజే చేయవలసినవి. అనుభవం లేక చేయలేదనడం సంజాయిషీ కాదు.

కాని ఈ తప్పు నుంచి ‘ఆడపిల్లలు మాట్లాడకూడదు’ అన్న ముగింపుకు పోవడానికి మేము ఒప్పుకోము. 2010లో అబుదాబిలో లక్షలమంది చూసే ‘మిలియన్స్ పొయెట్’ అన్న టీవీ పోటీలో సౌదీ గృహిణి హిస్సా హిలాల్ నిండా నఖాబ్‌తో నిలబడి, మనుషులను భయపెట్టే తీవ్రవాద ఫత్వాలకు వ్యతిరేకంగా కవిత చదివింది. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఆమె ఆగలేదు, మూడవ స్థానంలో నిలిచింది. ఆమె ముసుగు ఆమె గొంతును ఆపలేదు. మన పిల్లల గొంతును ఆపుతున్నది కూడా ముసుగు కాదు. వారిని వినడానికి మనకు ధైర్యం చాలడం లేదు. ఇంటి తలాఖ్ గొడవ, కట్నం అప్పు, చదువు మానిపించిన సంగతి ఎక్కడో పోలీసు స్టేషనులోనో, కోర్టులోనో, పరాయివాడి టీవీ చర్చలోనో మొదటిసారి వినబడితే మనకు కోపం వస్తుంది. మన గదిలో, మన చాప మీద, మన బిడ్డ నోట వినబడితే దానికి మనమే మందు వెతుక్కోవచ్చు.

ఆరుగురిలో ఇద్దరు తిరిగి వచ్చారు. ఇద్దరికి పెళ్లిళ్లయ్యాయి. ఒకరు హైదరాబాదులో నర్సింగ్ చదువుతున్నారు. కవిత చెప్పిన ఆ అమ్మాయి రావడం లేదు. కాని కాగితాలు వస్తున్నాయి. ఆమె రాసి పంపుతుంది, స్నేహితురాలు చదువుతుంది. ఈ సంగతి ఈ సభలో చెప్పవచ్చా అని అడిగించాము. చెప్పమంది. ‘పేరు వద్దు, కానీ జహేజ్ మాట వదలొద్దు’ అని కబురు పంపింది.

మీ నుంచి మేము డబ్బు అడగడం లేదు. మూడు అడుగుతున్నాము. దర్జీ సోదరుడి గది ఇరుకు, పండుగ సీజనులో అతనికే చాలదు. షాదీఖానాలు పెళ్లిళ్లు లేని ఆదివారాలు తాళం వేసి ఉంటాయి. ఆ రెండు గంటలు మాకు ఇప్పించండి. రెండవది, మసీదు కమిటీల నుంచి ఒక్కో పెద్దలు వంతుల వారీగా వచ్చి కూర్చోండి. మాట్లాడవద్దు, వినండి చాలు. అందులో ధర్మానికి విరుద్ధమైనది ఏదైనా ఉంటే మగ్రిబ్ తర్వాత మాతో చెప్పండి, పిల్లలతో కాదు. మూడవది, దూదేకుల పిల్లవాడిని చూసి నవ్విన పిల్లలు ఎవరి ఇంటివాళ్లో మీకు తెలుసు. వాళ్లను కూడా పంపండి.

వచ్చే ఆదివారం ఆళ్లగడ్డ బైఠక్. కరెంటు పోతే ఈసారి కూడా మెకానిక్ కుర్రాడు బ్యాటరీ లైటు తెస్తానన్నాడు. చెప్పేవారి జాబితాలో పదకొండు పేర్లున్నాయి. రెండవది ఆ అమ్మాయి పంపిన కాగితం. చదివేది ఆమె స్నేహితురాలా, ఆమేనా అన్నది ఈ వారంలో ఆ ఇంట్లో జరిగే మాట మీద ఉంది. ఆమె తండ్రి ఈ సభలో ఉన్నారో లేరో మేము చెప్పము. తల్లిదండ్రుల కోసం ముందు వరుసలో కుర్చీలు వేస్తున్నాము. అసర్ తర్వాత మొదలు.